నలుపులో నీలం ఎంత

కటికనలుపు డబ్బా మూత తీసి
అట్టముక్క మీద ఒక గీత గీసి
ఏసుపాదం గారి ముందు పెట్టాను.
కళ్లద్దాలు పంచె చెంగుతో తుడుచుకుని
"ఇది కొత్త గొడుగు నలుపండి బాబూ,
ఇంజను నలుపు కాదు" అన్నాడాయన.

పాతికేళ్లు బోర్డులు రాసిన చెయ్యి నాది.
భీమవరంలో సగం ఎరువుల కొట్ల పేర్లకి
అక్షరం అక్షరానికీ నీడ పెట్టినవాణ్ణి.
ఫ్లెక్సీలొచ్చి కుంచెలు ఎండిపోయాక
రేకు కోసి, గుండుసూది తలల్ని రివిట్లుగా అతికి,
మూరెడు పొడుగు ఆవిరి ఇంజను కట్టుకున్నాను.
చక్రాలు కుదిరాయి, పొగగొట్టం కుదిరింది.
రంగే కుదరలేదు.

నా దగ్గరున్న ఆధారం ఒక్కటే ఫోటో:
నిడదవోలు ప్లాట్‌ఫారం మీద ఎవరో పెళ్లివారు,
వాళ్ల వెనక సగం ఇంజను.
తెలుపు నలుపుల కాలం అది.
పెళ్లికూతురి చీరా, ఇంజను బఫర్ దూలమూ
ఒకే బూడిదరంగు.

ఏసుపాదం గారు షెడ్డులో క్లీనరు.
కిరసనాయిలూ వాడేసిన నూనే కలిపి
నూలు పీచుతో రాత్రంతా
దాని ఒళ్లు తుడిచిన మనిషి.
"రంగు డబ్బాలో ఉండదండి, గుడ్డలో ఉంటది.
తుడిచిన రోజు నేరేడుపండు.
తుడవని రోజు పెనం అడుగు.
వానలో..." అని ఆగి,
కిటికీలోంచి చేపల చెరువుకేసి చూసి
"వానలో గేదె" అన్నాడు.

రాసుకున్నాను: నేరేడు, పెనం, గేదె.
రంగుల కొట్టు మీరావలి ఆ చీటీ చదివి
"నెంబరు చెప్పు గురూ, నెంబరు" అన్నాడు.

పెనుగొండ దారిలో మూతబడ్డ రైసుమిల్లు.
ఊకగుంట మీద కప్పిన రేకు
తుక్కు వేలంలో పాడిన ఇంజనుదేనట.
వాచ్‌మన్‌కి టీ తాగించి
అరచెయ్యంత మేర బ్లేడుతో గీకాను.
పైన మిల్లువాళ్లు కొట్టించిన సిల్వరు.
కింద ఇటుకపొడి లాంటి రెడాక్సైడు.
దాని కింద నలుపు.
నలుపు కింద ఇంకో నలుపు.
ఆ రెండిటి మధ్యా
వెంట్రుకంత పసుపు గీత.
ఎవడో నాలాంటివాడు
ఊపిరి బిగబట్టి లాగిన గీత.
ఎక్కడా వణకలేదు.
కాసేపు గీకడం మానేసి కూర్చున్నాను.

గోరంత పెచ్చు అగ్గిపెట్టెలో తెచ్చుకుని
నలుపులో నీలిమందు చుక్క,
నీలానికి విరుగుడుగా ఎరుపు చుక్క,
పొద్దుటెండలో ఒకసారి, దీపం కింద ఒకసారి,
అట్ట మీద ముప్పై ఏడు గీతలయ్యాక
పెచ్చు ఏదో గీత ఏదో తెలియలేదు.

పరుగున పట్టుకెళ్లాను.
ఆయన చాలాసేపు చూశాడు.
"ఏ పక్కకండి ఇది?"
"అదేంటండీ, రెండు పక్కలకీ."
"భలేవారే. ఆ వేసంగి నర్సాపురంలో
టర్నుటేబులు చెడిపోయింది కదండీ.
వెళ్లేటప్పుడు మూతి ముందు, వచ్చేటప్పుడు వీపు ముందు.
ఇంజను తిరగనే లేదు.
పడమటి పక్క పడమటికే.
పాలకొల్లు దాటితే సాయంత్రం ఎండంతా దాని మీదే.
తూర్పు పక్కకి మీ రంగు సరిపోద్ది.
పడమటికి..." అంటూ
తలుపు మూలనున్న గొడుగు తెరిచి చూపించాడు.
మడతల్లో తప్ప నలుపు మిగలని గొడుగు.

ఆ గొడుగు వారం రోజులు అరువడిగాను.

ఇప్పుడు బీరువా మీద ఉంది ఇంజను.
బాయిలరు మూతల కింద కాలవనీళ్ల సున్నపు చారలు
చీపురుపుల్లతో దించాను.
అటు తిప్పి చూసినవాళ్లు
"ఈ పక్కకి రంగు చాల్లేదా?" అంటారు.
అవునండీ అంటాను.

బఫర్ దూలానికి మాత్రం ఇంకా రంగు వెయ్యలేదు.
ఫోటో జేబులో పెట్టుకుని
తణుకులోనో అత్తిలిలోనో
ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని
ఆ పెళ్లికూతుర్ని వెతుకుతున్నాను,
చీర ఏ రంగో అడుగుదామని.